నావిస్‌వర్క్స్ క్వాంటిఫికేషన్ రివ్యూ: మోడల్‌లో గోడకి, బీఓక్యూలో ఐటెమ్‌కి ముడి వేయడం

ముందే చెప్పేస్తా, ఇది ఎస్టిమేషన్ సాఫ్ట్‌వేర్ అని ఎవరైనా చెప్తే సగమే నమ్మండి. నావిస్‌వర్క్స్ అంటే బిల్డింగ్ 3డీ మోడల్స్ తెరిచి చూసి చెక్ చేసే ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్. అందులో క్వాంటిఫికేషన్ అనే టూల్ 2014 వెర్షన్‌లో వచ్చింది, మేనేజ్ ఎడిషన్‌లో ఉంటుంది, సిమ్యులేట్ ఎడిషన్‌లో ఉంటుంది, ఫ్రీగా దొరికే ఫ్రీడమ్ వ్యూయర్‌లో ఉండదు. ఇది క్వాంటిటీ తీస్తుంది, రేటు వేయదు. రూపాయి గుర్తు ఎక్కడా కనపడదు. మరి అలాంటప్పుడు దీన్ని ఎందుకు వాడాలి అంటే, మోడల్‌లో ఉన్న ప్రతి కాలమ్, బీమ్, గోడ, తలుపుని మన బీఓక్యూ (పనులు, వాటి క్వాంటిటీలు, రేట్ల పట్టిక) ఐటెమ్ నంబర్‌కి కట్టేసే పని ఇందులో బాగా జరుగుతుంది, ఆ పని సరిగ్గా అయితే రేటు వేయడం ఎక్సెల్‌లో చిటికెలో పని. ఆ ముడి సరిగ్గా పడకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా చివరికి స్కేల్ పట్టుకుని డ్రాయింగ్ ముందు కూర్చోవాల్సిందే.

నేను హైదరాబాద్‌లో క్వాంటిటీ సర్వే పని చేస్తా, సగం అమెరికా ప్రాజెక్టులు, సగం ఇక్కడి అపార్ట్‌మెంట్లు, కొన్ని గవర్నమెంట్ బిల్డింగులు. ఈ రెండు రకాల పనుల్లో దీన్ని వాడాక రెండు వేర్వేరు అభిప్రాయాలు వచ్చాయి కాబట్టి రెండూ రాస్తున్నా.

సెటప్ ఈజీనే. ప్రాజెక్ట్ సెటప్ విజర్డ్ ఓపెన్ చేస్తే ఏ క్యాటలాగ్ (ఐటెమ్ కోడ్‌ల లిస్ట్) కావాలి అని అడుగుతుంది: సీఎస్ఐ-16, సీఎస్ఐ-48, యూనిఫార్మాట్, లేదా అసలు ఏదీ వద్దు, లేదా మన దగ్గరున్న ఫైల్ తెచ్చి పెట్టుకో. అమెరికా పని అయితే ఇక్కడ బతికిపోయాం అన్నట్టే. సీఎస్ఐ అని ఉన్న రెండూ మాస్టర్‌ఫార్మాట్ కోడ్‌లే. మాస్టర్‌ఫార్మాట్ అంటే పనిని ట్రేడ్ ప్రకారం విడగొట్టేది, 2004 దాకా 16 డివిజన్లే ఉండేవి, ఆ తర్వాత 00 నుంచి 49 దాకా పెంచారు, అందుకే క్యాటలాగ్‌లో పాతది ఒకటి కొత్తది ఒకటి ఉంటాయి. క్లయింట్ ఏది వాడుతున్నాడో ముందే అడిగి తెలుసుకోండి, పెద్ద కంపెనీల్లో కూడా ఇంకా పాత 16 డివిజన్ల కోడ్‌లు వాడే వాళ్ళు ఉన్నారు. కొత్తదాంట్లో సైట్‌లో పోసే కాంక్రీట్ 03 30 00, ఇటుక బ్లాకుల కట్టుబడి 04 20 00, జిప్సం బోర్డు 09 29 00 ఇలా పోతుంది. యూనిఫార్మాట్ అయితే బిల్డింగ్ భాగాల ప్రకారం, బయటి గోడ అంటే బీ2010, అందులో ఇటుక, బయటి ప్లాస్టర్, బయటి పెయింట్ అన్నీ కలిపే. టెండర్ ముందు రఫ్ బడ్జెట్‌కి యూనిఫార్మాట్, సబ్‌కాంట్రాక్టర్లకి పని పంచేటప్పుడు మాస్టర్‌ఫార్మాట్.

ఇక్కడి పనికి వస్తే క్యాటలాగ్ లిస్ట్‌లో మనకి పనికొచ్చేది ఒక్కటీ ఉండదు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర పీడబ్ల్యూడీ) రేట్ల పుస్తకం డీఎస్ఆర్ లేదు, మన రెండు రాష్ట్రాల రేట్ల పుస్తకం ఎస్ఎస్ఆర్ లేదు. మనమే తయారు చేసుకోవాలి. క్యాటలాగ్‌ని ఎక్స్ఎంఎల్ ఫైల్‌గా బయటికి తీయొచ్చు, తిరిగి లోపలికి తేవచ్చు, కాబట్టి ఒక్కసారి కష్టపడి డీఎస్ఆర్ చాప్టర్ల ప్రకారం చెట్టు కట్టుకుంటే (2 మట్టి పని, 4 కాంక్రీట్, 5 ఆర్‌సీసీ, 6 ఇటుక పని, 9 చెక్క పని, 11 ఫ్లోరింగ్, 13 ఫినిషింగ్) ఆ తర్వాత ప్రతి ప్రాజెక్టుకి అదే ఎత్తి పెట్టుకోవచ్చు. మొత్తం డీఎస్ఆర్ ఎక్కించే పిచ్చి పని మాత్రం చేయకండి, మామూలు అపార్ట్‌మెంట్‌కి దాంట్లో వాడేది చాలా కొద్ది ఐటెమ్‌లే. ఇంకోటి, మన దగ్గర ఐదో అంతస్తు దాకా ఒక ఐటెమ్, ఆ పైన ఎక్స్‌ట్రా ఐటెమ్ అని ఉంటుంది కదా, కాబట్టి చెట్టులో అంతస్తుని కూడా ఒక కొమ్మగా పెట్టాలి, లేకపోతే చివర్లో మొత్తం ఇటుక పని ఒకే అంకెగా వచ్చి కూర్చుంటుంది, దాన్ని మళ్ళీ విడగొట్టడం పెద్ద తలనొప్పి.

ఇప్పుడు అసలు విషయం. డెమో వీడియోల్లో ఏం చూపిస్తారంటే, గోడ సెలెక్ట్ చేశాడు, ఐటెమ్ మీదకి లాగి వదిలాడు, క్వాంటిటీ వచ్చేసింది, చప్పట్లు. కానీ బీఓక్యూలో గోడ అనే ఐటెమ్ ఎక్కడ ఉంటుంది? ఒక 230 మి.మీ. గోడ అంటే ఇటుక పని క్యూబిక్ మీటర్లలో, లోపలి ప్లాస్టర్ స్క్వేర్ మీటర్లలో, బయటి ప్లాస్టర్ వేరే మందంతో వేరే ఐటెమ్, పుట్టీ, ప్రైమర్, పెయింట్, బయట ఎక్స్‌టీరియర్ పెయింట్. ఒక ఎలిమెంట్‌కి ఆరేడు కోడ్‌లు. పైగా అదే గోడ 115 అయితే ఇటుక పని కూడా క్యూబిక్ మీటర్లు కాదు, స్క్వేర్ మీటర్లే, ఎందుకంటే ఐఎస్ 1200 (కొలతలకి మన దేశపు స్టాండర్డ్) ప్రకారం అర ఇటుక పార్టిషన్ గోడ వైశాల్యంతో కొలవాలి. అంటే ఒకే మోడల్‌లో రెండు గోడలు పక్కపక్కనే ఉన్నా యూనిటే మారిపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌ని అయినా ఈ ఒక్క గోడతోనే టెస్ట్ చేయాలి అని నా అభిప్రాయం, మిగతా ఫీచర్లు అన్నీ తర్వాత.

ఇందులో దీనికి దారి ఉంది, రిసోర్స్ అనేది. ఐటెమ్ అంటే ‘230 గోడ, మూడో అంతస్తు’ అనుకోండి, దాని కింద రిసోర్సులుగా ఇటుక పని (డీఎస్ఆర్ కోడ్ 6.4), ప్లాస్టర్ (కోడ్ 13.1), పెయింట్ ఇలా వేలాడదీయొచ్చు, ప్రతి దానికి సొంత కోడ్, సొంత యూనిట్, సొంత ఫార్ములా. గోడని ఒక్కసారి ఐటెమ్‌లోకి లాగితే అన్నిటికీ లెక్క దానంతట అదే పడుతుంది. ఇటుకకి వాల్యూమ్, ప్లాస్టర్‌కి ఏరియా ఇంటూ 2, ఇలా. రిసోర్స్ క్యాటలాగ్ వేరే విండోలో ఉంటుంది కాబట్టి చాలామంది దాని జోలికే పోరు, ఐటెమ్‌లతోనే లాగించేసి ఇది పనికిరాదు అని తిట్టుకుంటారు. దయచేసి ముందు రిసోర్సులు నేర్చుకోండి. ఈ ఒక్క విషయంలో ఈ టూల్‌కి నా దగ్గర ఫుల్ మార్కులు.

కానీ ప్లాస్టర్ ఏరియా ఇంటూ 2 అన్నానా, అక్కడే మన దేశంలో కథ అడ్డం తిరుగుతుంది. రెవిట్ (మోడల్ గీసే సాఫ్ట్‌వేర్) నుంచి వచ్చే గోడ ఏరియా కిటికీలు, తలుపులు పూర్తిగా తీసేసిన నెట్ ఏరియా, ఒక వైపుది. మన కొలతల రూల్ అది కాదు కదా. ఐఎస్ 1200 ప్రకారం ప్లాస్టర్‌కి 0.5 స్క్వేర్ మీటర్ లోపు ఖాళీలు అసలు తీయకూడదు, 0.5 నుంచి 3 దాకా ఒక వైపే తీయాలి, జాంబులు, సోఫిట్‌లు (ఖాళీ లోపలి పక్కలు, పై భాగం) కలపకూడదు, 3 దాటితే రెండు వైపులా తీసి జాంబులు కలపాలి. ఇప్పుడు లెక్క చూడండి. 1.2 బై 1.2 మీటర్ల కిటికీ అంటే 1.44 స్క్వేర్ మీటర్లు. మోడల్ రెండు వైపులా తీసేస్తుంది, అంటే 2.88 పోయింది, రూల్ ప్రకారం పోవాల్సింది 1.44 మాత్రమే. 0.9 బై 2.1 తలుపు 1.89, అక్కడా అంతే, 1.89 తక్కువ. బాత్రూమ్ వెంటిలేటర్ 0.6 బై 0.6, అంటే 0.36, దీన్ని ముట్టుకోకూడదు, మోడల్ 0.72 కోసేస్తుంది. ఒక ఫ్లాట్‌కి ఆరు కిటికీలు, ఐదు తలుపులు, రెండు వెంటిలేటర్లు అనుకుంటే 19.53 స్క్వేర్ మీటర్ల ప్లాస్టర్ గాయబ్. 40 ఫ్లాట్ల బిల్డింగ్‌కి 781. దాని మీద పుట్టీ, పెయింట్ కూడా అదే ఏరియాని పట్టుకుని నడిస్తే అవీ తగ్గుతాయి. కాంట్రాక్టర్ వైపు ఉంటే నష్టం, క్లయింట్ వైపు ఉంటే ఆర్‌ఏ బిల్లు (పని జరుగుతుండగా పెట్టే బిల్లు) వచ్చినప్పుడు మన ఎస్టిమేట్‌కి ఎం-బుక్‌కి (సైట్ కొలతల పుస్తకం) పొంతన ఉండదు, సైట్ ఇంజనీర్ నవ్వుతాడు.

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు అనను. మోడల్ నిజం చెప్తోంది, నిజంగా అక్కడ అంతే ప్లాస్టర్ ఉంటుంది (జాంబులు పక్కన పెడితే). మెటీరియల్ ఆర్డర్ పెట్టడానికి ఆ అంకె బాగానే పనికొస్తుంది. బిల్లు రూల్ వేరు, అది అలవాటుతో వచ్చిన సర్దుబాటు. నేను చేసేది ఏంటంటే, తలుపులు, కిటికీలని కూడా సైజుల వారీగా వేరే ఐటెమ్‌లుగా టేకాఫ్ చేసి (అంటే మోడల్ నుంచి క్వాంటిటీ తీసి), వాటి కింద ప్లాస్టర్ కోడ్‌తోనే ఒక రిసోర్స్ పెట్టి, మోడల్ ఎక్కువ కోసిన దాన్ని తిరిగి కలిపేలా ఫార్ములా రాస్తా. 0.5 లోపు అయితే ఏరియా ఇంటూ 2 కలుపు, 3 లోపు అయితే ఏరియా ఇంటూ 1 కలుపు, పైన అయితే జాంబులు మాత్రం. ఒకవైపే ప్లాస్టర్ ఉన్న గోడలు, టైల్ డాడో (కింది భాగానికి టైల్స్) ఉన్న గోడలు వేరు చేసుకోవాలి, వాటికి ఈ ఫార్ములా పనిచేయదు. సెటప్‌కి కొంచెం ఓపిక కావాలి, కానీ ఒకసారి క్యాటలాగ్‌లో పడితే ఇంక మర్చిపోవచ్చు.

ఆర్‌సీసీ దగ్గర ఇంకో గొడవ, షట్టరింగ్ (కాంక్రీట్ పోయడానికి కట్టే అచ్చు). మోడల్‌లో షట్టరింగ్ ఎవడూ గీయడు. కాలమ్‌కి పర్లేదు, 300 బై 600 కాలమ్ 3 మీటర్లు ఉంటే చుట్టుకొలత 1.8 ఇంటూ 3, 5.4 స్క్వేర్ మీటర్లు, 5.9.6 కోడ్ కింద రిసోర్స్ పెట్టి ఫార్ములా ఇస్తే అయిపోయింది. బీమ్ దగ్గరకి వస్తే, 230 బై 450 బీమ్ మీద 125 స్లాబ్ ఉందనుకోండి, బీమ్ పక్కలు స్లాబ్ కింద నుంచే లెక్క, అంటే 0.325 రెండు వైపులా, కింద 0.23, మొత్తం మీటర్‌కి 0.88. బీమ్ ఎలిమెంట్‌కి తన లోతు 450 అని తెలుసు, తన మీద స్లాబ్ ఎంత మందమో తెలీదు. గుడ్డిగా ఫార్ములా పెడితే 1.13 వస్తుంది. మోడలింగ్ చేసే వాళ్ళతో చెప్పి బీమ్‌కి ‘స్లాబ్ మందం’ అని ఒక పారామీటర్ పెట్టించుకుని, ఇక్కడ ప్రాపర్టీ మ్యాపింగ్‌లో దాన్ని పట్టుకోవడం మంచి పద్ధతి. ప్రాపర్టీ మ్యాపింగ్ అంటే మోడల్‌లో ఉన్న ఫలానా ట్యాబ్‌లో ఫలానా ప్రాపర్టీ తీసుకుని టేకాఫ్‌లో ఫలానా కాలమ్‌లో వెయ్యి అని చెప్పడం, మొత్తం ప్రాజెక్టుకి ఒకటి పెట్టుకోవచ్చు, కావాల్సిన ఐటెమ్‌కి విడిగా మార్చుకోవచ్చు. చాలా పనికొచ్చే ఫీచర్. స్లాబూ బీమూ ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయా, జాయిన్ చేశారా అన్నది మాత్రం ముందే చూస్కోండి, లేకపోతే అదే కాంక్రీట్‌కి రెండు సార్లు డబ్బులు.

స్టీల్ సంగతి అడగొద్దు. టెండర్ టైమ్‌కి వచ్చే మోడల్‌లో రాడ్లు ఉండవు. కాంక్రీట్ క్యూబిక్ మీటర్‌కి ఇన్ని కేజీలు అని స్ట్రక్చరల్ వాళ్ళు ఇచ్చిన అంకెని 5.22 కోడ్ కింద రిసోర్స్ ఫార్ములాలో పెట్టి నడిపించాలి, అంతే.

కోడ్ ఎక్కడ పెట్టాలి అనేది ఇంకో వాదన, మా ఫీల్డ్‌లో దీని మీద కొట్టుకుంటూ ఉంటారు. కొందరు రెవిట్‌లోనే అసెంబ్లీ కోడ్ అనే గడిలోనో కీనోట్ అనే గడిలోనో కాస్ట్ కోడ్ పెట్టేయమంటారు. అసెంబ్లీ కోడ్ లిస్ట్ అనేది మామూలు టెక్స్ట్ ఫైల్, యూనిఫార్మాట్ తీసేసి మన లిస్ట్ పెట్టుకోవచ్చు నిజమే. కానీ అది టైప్‌కి (ఒకే రకం గోడలన్నిటికీ కలిపి) పట్టే పారామీటర్, ఒక టైప్‌కి ఒకే కోడ్. మళ్ళీ మన ఆరేడు కోడ్‌ల గోడ దగ్గరకే వచ్చాం. పైగా డిజైన్ చేసే వాళ్ళకి మన కోడ్‌లతో పనేంటి, డెడ్‌లైన్ రోజు రాత్రి కొత్త టైప్ డూప్లికేట్ చేస్తారు, పాత కోడ్ కూడా దానితో పాటే కాపీ అయి వస్తుంది, 100 గోడకి 230 కోడ్. ఖాళీగా ఉన్న కోడ్ కంటే తప్పుగా నిండిన కోడ్ ప్రమాదం, ఎందుకంటే ఖాళీది కనపడుతుంది. అందుకే నా ఓటు, మోడల్ వైపు టైప్ పేరు మాత్రం క్రమశిక్షణగా పెట్టించుకోవడం, కోడ్‌లు అన్నీ మన వైపు క్యాటలాగ్‌లో ఉంచుకోవడం, మధ్యలో సెర్చ్ సెట్‌లతో కలపడం.

సెర్చ్ సెట్ అంటే ‘టైప్ పేరులో 230 ఉండాలి, లెవెల్ మూడో అంతస్తు అయి ఉండాలి’ అని కండిషన్ పెట్టి సేవ్ చేసుకోవడం. అది నొక్కితే ఆ గోడలన్నీ సెలెక్ట్ అవుతాయి, ఐటెమ్‌లోకి టేకాఫ్ చేసేయడమే. పేర్లు బాగుంటే మొత్తం బిల్డింగ్ ఒక పూటలో కోడ్‌లలోకి ఎక్కుతుంది. పేర్లు బాగోకపోతే ఏమవుతుందో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీస్ నుంచి వచ్చిన మోడల్‌లో చూశా. ‘జెనరిక్ 200’, ‘9 ఇంచ్ వాల్’, ‘వాల్ న్యూ కాపీ 2’ మూడూ ఒకటే గోడ. మెట్ల ల్యాండింగ్‌ని ఫ్లోర్‌తో గీశారు, చజ్జాలని కూడా ఫ్లోర్‌తో గీశారు, పారాపెట్ ఒక చోట గోడ, ఒక చోట బీమ్. అలాంటి మోడల్‌కి ఏ సాఫ్ట్‌వేర్ అయినా చేతులెత్తేస్తుంది. అగ్రిమెంట్‌లోనే టైప్ పేర్ల పద్ధతి రాయించుకోవడం బెటర్, ఫోన్‌లో చెప్తే సరే సరే అంటారు, ఏమీ మారదు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది చాలా సింపుల్ విషయం. టేకాఫ్ అయిన వస్తువులు ఐటెమ్ రంగులోకి మారిపోతాయి, ఒక బటన్ నొక్కితే అవన్నీ మాయం అవుతాయి. మిగిలింది ఏదో అదే కనపడుతుంది. గాల్లో వేలాడే ఒక లింటెల్, రెండు సన్‌షేడ్‌లు, ఎవరో దాచిపెట్టినట్టు లిఫ్ట్ మెషీన్ రూమ్ గోడ. ఎక్సెల్‌లో మర్చిపోయిన ఐటెమ్ ఎప్పటికీ కనపడదు, ఇక్కడ కళ్ళ ముందు నిలబడుతుంది. బాస్‌కి చూపించడానికి కూడా బాగుంటుంది, ఆకుపచ్చవి అయిపోయాయి సార్, బూడిద రంగువి ఇంకా ఉన్నాయి అంటే ఇంకో ప్రశ్న రాదు.

మోడల్‌లో లేనివి కూడా ఉంటాయి కదా, యాంటీ టెర్మైట్, వాటర్‌ప్రూఫింగ్, పాత కాంపౌండ్ వాల్ పగలగొట్టడం. వాటికి వర్చువల్ టేకాఫ్ అని ఉంది, వస్తువు లేకుండానే ఒక వ్యూపాయింట్ తగిలించి చేత్తో క్వాంటిటీ కొట్టొచ్చు. పర్లేదు, పని జరుగుతుంది.

రివిజన్ దగ్గర మాత్రం జాగ్రత్త. కొత్త మోడల్ వచ్చి రిఫ్రెష్ చేశాక మార్పులు విశ్లేషించు అని ఒక ఆప్షన్ ఉంటుంది, మారిన క్వాంటిటీలని గుర్తు పెట్టి చూపిస్తుంది, ఒప్పుకుంటే అప్‌డేట్ చేస్తుంది. అదే గోడని జరిపి, పొడుగు పెంచి ఇస్తే చక్కగా పట్టుకుంటుంది. డిలీట్ చేసి మళ్ళీ గీస్తే దానికి కొత్త ఐడీ వస్తుంది, మన ముడి తెగిపోతుంది, పాతది కనిపించడం లేదు అంటుంది, కొత్తది ఏ కోడ్‌కీ తగలకుండా బయట ఉంటుంది. సెర్చ్ సెట్‌కి కొత్త గోడ తగిలినా సరే టేకాఫ్‌లోకి తనంతట తాను రాదు, మళ్ళీ మనమే లాగాలి. కాబట్టి ప్రతి రివిజన్‌కి ఆ మాయం చేసే బటన్ నొక్కి మిగిలినవి చూడటం తప్పనిసరి. రేటు తో సహా లైవ్‌గా కట్టి ఉండాలి, వర్క్‌బుక్ అక్కడే ఉండాలి అంటే కాస్ట్‌ఎక్స్ లాంటివి చూడండి, అవి క్వాంటిటీ సర్వేయర్ల కోసమే పుట్టినవి. క్లౌడ్‌లో నలుగురు కలిసి చేయాలంటే ఆటోడెస్క్‌దే టేకాఫ్ అనే వేరే ప్రాడక్ట్ ఉంది. డబ్బులే లేవు అంటే బ్లెండర్ మీద నడిచే బోన్‌సాయ్ ఉంది, ఫ్రీ, ఐఎఫ్‌సీ (వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లకి ఉమ్మడి మోడల్ ఫార్మాట్) ఫైల్‌లోనే కాస్ట్ ఐటెమ్‌లని ఎలిమెంట్‌లకి కట్టొచ్చు, కాకపోతే ఓపిక బాగా కావాలి, సివిల్ వాళ్ళకి బ్లెండర్ స్క్రీన్ చూస్తేనే భయం వేస్తుంది.

యూనిట్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. విజర్డ్‌లో ఇంపీరియల్, మెట్రిక్ అడుగుతుంది, తొందరలో నెక్స్ట్ నెక్స్ట్ కొడితే తర్వాత కాంక్రీట్ క్యూబిక్ యార్డుల్లో వస్తుంది, ఒక క్యూబిక్ యార్డు అంటే 0.7646 క్యూబిక్ మీటర్, అంకెలు చూడటానికి మరీ వింతగా ఉండవు కాబట్టి ఎవరూ పట్టుకోరు. మన బిల్డర్లకి ఎలాగూ అంతా ఎస్ఎఫ్‌టీనే, స్క్వేర్ మీటర్‌ని 10.764 తో గుణించే కాలమ్ ఎక్సెల్‌లో పెట్టుకోండి, ఇక్కడ పెట్టకండి.

ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ బాగుంది కానీ అందం ఉండదు. కోడ్, ఐటెమ్, ఆబ్జెక్ట్, క్వాంటిటీలు వరసలుగా వచ్చి పడతాయి. నేను దాన్ని ముట్టుకోకుండా ఒక షీట్‌లో ఉంచి, పక్క షీట్‌లో బీఓక్యూ ఫార్మాట్, కోడ్ పట్టుకుని సమిఫ్ (ఒకే కోడ్ ఉన్న వరసల్ని కూడే ఫార్ములా) కొడతా, రేటు షీట్ వేరే. రివిజన్ వస్తే మొదటి షీట్ మార్చితే చాలు. ఏ క్వాంటిటీ ఎక్కడ నుంచి వచ్చింది అని ఆడిట్ వాళ్ళు అడిగితే కోడ్ పట్టుకుని మోడల్‌లో ఆ గోడ దాకా వెళ్ళి చూపించొచ్చు, ఈ ఒక్కదానికే కొన్ని ప్రాజెక్టుల్లో గంటల వాదన తప్పింది.

రేటింగ్ అడిగితే అమెరికా పనికి 5 కి 4, మన పనికి 3. ఇప్పటికే ఆటోడెస్క్ ఏఈసీ కలెక్షన్ (సాఫ్ట్‌వేర్‌ల ప్యాకేజీ) లైసెన్స్ ఉన్న ఆఫీసుల్లో నావిస్‌వర్క్స్ మేనేజ్ దాంట్లోనే వస్తుంది, చాలామంది క్లాష్ (పైపు, బీమ్ లాంటివి ఒకదానికొకటి అడ్డం రావడం) చూడటానికి మాత్రమే తెరుస్తారు, వాళ్ళు రేపే మొదలుపెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. కేవలం క్వాంటిటీల కోసం కొత్తగా కొనాలంటే మాత్రం నేను వద్దనే అంటా, ఆ డబ్బుతో ధర కట్టే సాఫ్ట్‌వేరే కొనుక్కోవచ్చు. ట్రయల్ 30 రోజులు ఇస్తారు, అందులో వాళ్ళ శాంపిల్ మోడల్ మీద టైమ్ వేస్ట్ చేయకండి, మీ దగ్గరున్న అన్నిటికంటే చెత్త మోడల్ తీసుకుని, ఒక్క అంతస్తు గోడలు మాత్రం అన్ని కోడ్‌లతో కట్టి, చేత్తో తీసిన క్వాంటిటీ పక్కన పెట్టి చూడండి. విండోస్‌లోనే నడుస్తుంది, మ్యాక్ ఉన్న వాళ్ళు ఆఫీస్ సిస్టమ్ అడగాల్సిందే.